2024–25 వార్షిక నివేదిక: కార్యదర్శి మాట

అధ్యక్షులు గారికి, కార్యవర్గ మిత్రులకు, సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశంలో నివేదిక చదవాలని మన నిబంధనల్లో ఉంది కాబట్టి చదువుతున్నాను. ఫిల్మ్ సొసైటీ ఎందుకు పెట్టుకున్నామో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. నెలకొకటి చొప్పున పన్నెండు ప్రదర్శనలు అనుకుని తొమ్మిది చేశాం. మేలో ఎండలు, సెప్టెంబరులో వానలు, ఒకసారి ప్రొజెక్టర్ లాంప్ పోవడం. అంతే.

అసలు చెప్పుకోవాల్సింది ఫిబ్రవరి 1 నుంచి 3 దాకా జరిపిన, డెన్మార్క్ సినిమా దర్శకుడు డ్రేయర్ చిత్రోత్సవం గురించి. 'ఆయనెవరండీ, పేరే వినలేదు' అని కార్యవర్గంలోనే అన్నారు. అన్నవాళ్లు మూడు రోజులూ రాలేదు కాబట్టి వారి కోసమైనా నాలుగు మాటలు చెప్తాను.

కార్ల్ థియోడర్ డ్రేయర్ 1889 ఫిబ్రవరి 3న కోపెన్‌హాగన్‌లో పుట్టారు. కన్నతల్లి స్వీడన్ అమ్మాయి, ఒక పొలం ఆసామి ఇంట్లో పనిచేసేది. ఆ పెళ్లయిన ఆసామే తండ్రి. బిడ్డను అనాథాశ్రమంలో వదలాల్సి వచ్చింది. అచ్చు అక్షరాలు కూర్చే ఒకాయన దత్తత తీసుకుని తన పేరే పెట్టారు. కన్నతల్లికి మళ్లీ కడుపొస్తే, పోగొట్టుకోవడానికి అగ్గిపుల్లల భాస్వరం మింగి చనిపోయింది. యాభై ఏళ్ల తర్వాత, 1942లో, పెళ్లికాని తల్లులకు అండగా నిలిచే సంస్థ మీద ఆయన ఒక చిన్న డాక్యుమెంటరీ తీశారు. మొదటి రోజు ముందుగా వేసింది అదే. ఎందుకు ముందు వేశామో ఎవరూ అడగలేదు. ఇప్పుడు చెప్పాను.

తర్వాత వేసింది 1948లో ప్రభుత్వం రోడ్డు భద్రత కోసం తీయించిన పన్నెండు నిమిషాల చిత్రం. ఒక జంట పడవ అందుకోవాలని మోటార్ సైకిల్ మీద దూసుకెళ్తారు. చివరికి పడవ ఎక్కుతారు, కాకపోతే శవపేటికల్లో. ఇంజినీరింగ్ కాలేజీ పిల్లలు ఇరవై మంది ఆలస్యంగా, బైకుల మీద, ఆ సినిమాకే వచ్చారు. వెళ్లేటప్పుడు మాత్రం మెల్లగా వెళ్లారు. మొత్తం ఉత్సవంలో వెంటనే ఫలితం చూపిన చిత్రం అదొక్కటే.

ఆ రాత్రి 'ద ప్యాషన్ ఆఫ్ జోన్ ఆఫ్ ఆర్క్' (1928). మూకీ కాబట్టి వయొలిన్ పెడదామని ఒక వర్గం, నిశ్శబ్దంగా చూద్దామని ఒక వర్గం, నెల రోజులు వాట్సాప్‌లో కొట్టుకున్నాం. తర్వాతి కాలంలో ఎవరో పాత సంగీతం అతికించి విడుదల చేసిన ప్రతి డ్రేయర్‌కు నచ్చలేదని చెప్పి నిశ్శబ్దం వైపే మొగ్గించాను. వయొలిన్ మాస్టారు మనసులో పెట్టుకోవద్దని మనవి. జోన్‌గా నటించిన ఫాల్కోనెట్టి మేకప్ లేని ముఖం తెర నిండా నిలబడినప్పుడు హాల్లో ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. ఈ సినిమా నెగటివ్ అదే ఏడాది బెర్లిన్‌లో కాలిపోయింది. మిగిలిన ముక్కలతో మళ్లీ కూర్చితే అదీ మంటల పాలైంది. అసలు ప్రతి ఇక లేదనుకుంటూనే 1968లో డ్రేయర్ కన్నుమూశారు. 1981లో నార్వేలో ఓస్లో దగ్గరి ఒక మానసిక వైద్యశాల అలమరాలో అది దొరికింది. మన సొసైటీ పాత కరపత్రాల పెట్టె కూడా ఎవరింట్లోనో ఉంది. దయచేసి అంతకాలం ఆగకుండా తెచ్చివ్వండి.

రెండో రోజు వేసిన 'వాంపిర్' (1932) జనానికి అంతగా ఎక్కలేదు. అప్పుడూ ఎక్కలేదు. ఆ దెబ్బతో డ్రేయర్ మనసు చెదిరి, మళ్లీ పత్రికలో చేరి కోర్టు వార్తలు రాసుకున్నారు. తర్వాతి పూర్తి నిడివి సినిమా నాజీల ఆక్రమణలో ఉన్న డెన్మార్క్‌లో, 1943లో తీసిన 'డే ఆఫ్ రాత్'. 1919 నుంచి 1964 వరకు ఆయన తీసిన పూర్తి నిడివి సినిమాలు మొత్తం పద్నాలుగే. 1952లో ప్రభుత్వం కోపెన్‌హాగన్‌లోని డాగ్‌మార్ థియేటర్ నడిపే లైసెన్సు ఇచ్చాక కాస్త నిలకడైన ఆదాయం వచ్చింది. అంటే ఆయనా మనలాగే హాలు చూసుకున్న మనిషే. కాకపోతే అక్కడి ప్రభుత్వం హాలు ఇచ్చింది.

ఇక్కడ ఇచ్చిన హాలు వెనక్కి తీసుకున్నారు. ఆదివారం రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసి, మూడో రోజైన సోమవారం ఏదో సమీక్ష ఉందట, హాలు కుదరదన్నారు. నెల ముందు డబ్బు కట్టిన రసీదు నా దగ్గరుంది. ఆ డబ్బు ఇంకా రాలేదు. అప్పుడు మన సభ్యులొకరు తమ కల్యాణ మండపం ఉచితంగా ఇచ్చారు. మంగళవారం తెల్లవారుజామున అక్కడ పెళ్లి. అరటి చెట్లు కట్టేసి, బంతిపూల దండలు వేలాడుతున్నాయి. ఆ మధ్యలో తెర కట్టి 'ఓర్డెట్' వేశాం.

1955లో వెనిస్ చిత్రోత్సవంలో పెద్ద బహుమతి గోల్డెన్ లయన్ అందుకున్న డ్రేయర్ సినిమా ఇది. మూలం కాయ్ మూంక్ అనే పాస్టర్ రాసిన నాటకం. ఆయన్ను 1944లో నాజీల రహస్య పోలీసు, గెస్టపో, చంపేసింది. మన ముగ్గురు సభ్యులు రెండు నెలలు కూర్చుని దీనికి తెలుగు సబ్‌టైటిల్స్ రాశారు. ఓర్డెట్ అంటే 'మాట' అనాలా, 'వాక్కు' అనాలా అని రిటైరైన తెలుగు మాస్టారితో వారం రోజులు వాదన. చివరికి 'వాక్కు' గెలిచింది. సాయం చేస్తామని పేర్లిచ్చిన మిగతా పదకొండు మంది ఒక్క రీలుకైనా రాలేదు. పేర్లు చదవను.

సినిమా కథలో ఒక పొలం ఆసామి కొడుక్కి దర్జీ కూతురితో పెళ్లి కుదరదు. మతం ఒకటే, శాఖ వేరు. ఆ పెద్దలిద్దరూ కాఫీ తాగుతూ పోట్లాడుకుంటుంటే మనవాళ్లు పడీపడీ నవ్వారు. ఎవరికి ఎవరు గుర్తొచ్చారో వారికే తెలియాలి. ఆ ఇంటి వంటగది కోసం డ్రేయర్ ముందు ఉండాల్సిన సామానంతా తెప్పించి, తర్వాత ఒక్కొక్కటీ తీయించేశారట. మిగిలిన కాసిని వస్తువులతోనే అది ఇల్లులా కనిపిస్తుంది. తర్వాత కోడలు ఇంగర్ కాన్పులో చనిపోతుంది. శవపేటిక తెర మీదికి రాగానే వెనక నుంచి గుసగుసలు మొదలయ్యాయి, రేపు పెళ్లి పెట్టుకుని ఈ అశుభం ఏమిటని. నాకు చెమటలు పట్టాయి. ఇంతలో పిచ్చివాడనుకున్న మరిది యోహానెస్ వచ్చి, చిన్న పాప చెయ్యి పట్టుకుని, పిలుస్తాడు. ఇంగర్ వేళ్లు కదులుతాయి. సినిమా అయ్యాక మండపం యజమాని గారు లేచి, 'లేచింది కదండీ, ఇక దోషమేముంది' అన్నారు. ముందు వరుసలో ఉన్న పెళ్లికూతురి అమ్మమ్మ గారు కళ్లు తుడుచుకుంటూ, ఇంకోసారి ఎప్పుడు వేస్తారని అడిగారు.

కృతజ్ఞతలు: మండపం ఇచ్చినవారికి, సబ్‌టైటిల్స్ రాసిన ముగ్గురికి, తెలుగు మాస్టారికి, అలిగినా మూడు రోజులూ వచ్చిన వయొలిన్ మాస్టారికి, జనరేటర్ అబ్బాయికి, అందరికీ టీలు అరువిచ్చిన కాకా హోటల్ వారికి, పోస్టర్లు అంటించిన నా భార్యకు.

లెక్కలు కోశాధికారి గారు చదువుతారు. క్లుప్తంగా, కొంచెం లోటు ఉంది. టీల బాకీ తీర్చాం. చందా కట్టనివారు ఈరోజే కడితే లోటు ఉండదు, వారికీ ఆ సంగతి తెలుసు.

వచ్చే ఏడాది డ్రేయర్ చివరి సినిమా 'గెర్‌ట్రూడ్' వేయాలని ఉంది, హాలు దొరికితే. సమావేశం అయ్యాక కుర్చీలు పేర్చడానికి నలుగురు ఉండిపోండి. పోయినసారి నేనూ వాచ్‌మెనే పేర్చాం.

కార్యదర్శి