దయ్యం సంగతి తర్వాత, ముందు న్యూట్రల్ చూడండి

సంపాదకులకు,

పాత లాడ్జీల్లో దయ్యాలున్నాయన్న కథలు ఫోన్లలో ఒకటే తిరుగుతున్నాయి. పత్రికలూ అప్పుడప్పుడు అచ్చేస్తున్నాయి. అలాంటి బిల్డింగుల్లో వైరింగు, పైపుల పని చేసే మాకు ఆ కథల్లో భయపడాల్సిన సంగతులు వేరే కనిపిస్తున్నాయి.

ఫ్యాను ఉన్నట్టుండి జోరందుకుందట, పక్క గదిలో బల్బు మసకబారిందట. ఇది న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి వెళ్ళే వైరు, వదులైన లక్షణం. మూడు ఫేజుల (కరెంటు తెచ్చే మూడు వైర్ల) లాడ్జీలో న్యూట్రల్ తెగితే లోడు ఎక్కువున్న గదుల్లో వోల్టేజీ పడిపోతుంది, తక్కువున్న గదుల్లో 230 వోల్టులు ఉండాల్సింది 300 కూడా దాటొచ్చు. ముందు టీవీలు పోతాయి, తర్వాత మంటలే. ఒక్కో ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య వోల్టేజీ కొలిచే మల్టీమీటరు పెడితే రెండు నిమిషాల్లో తేలుతుంది. తేడా ఉంటే మెయిన్ ఆపేసి ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. బోర్డు విప్పితే తరచూ కనిపించేది ఇదే: న్యూట్రల్ వైర్లన్నీ కలిసే లింకుకు చిలుము, చేత్తో తిప్పినా తిరిగే స్క్రూ, పక్కనే మాడి నల్లబడిన వైరు తొడుగు.

స్విచ్ ఆపినా ఎల్ఈడీ బల్బు మిణుకుమంటుంటే, ఫేజుకు వేయాల్సిన స్విచ్ న్యూట్రల్‌కు వేశారేమో చూడాలి. అదే అయితే స్విచ్ ఆపినా బల్బు మార్చేవాడికి షాక్ కొట్టొచ్చు.

మిద్దె మీద అడుగుల చప్పుడుకు మాత్రం భయం అక్కర్లేదు. మన పాత మిద్దెలు ఇనుప గర్డర్ల మీద కడప బండలు పరిచినవి. పదిహేనడుగుల గర్డరు 20 డిగ్రీలు చల్లబడితే మిల్లీమీటరు పైగా కుదించుకుంటుంది, బండ ఠక్కుమంటుంది. మూసి ఉంచిన గదిలో కుళ్ళు వాసన కూడా అంతే. బాత్రూం ట్రాపులో (వాసన రాకుండా నీళ్ళు నిలిచే పైపు వంపులో) నీళ్ళు ఎండిపోయి డ్రైనేజీ గాలి పైకి వస్తుంది. రెండు చెంబుల నీళ్ళు పోస్తే చాలు.

ప్రాణం తీసేది గ్యాస్ గీజరు. కిటికీ లేని బాత్రూంలో అది వెలిగితే కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది. రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వాంతి, కళ్ళు తిరగడం, ఆపైన స్పృహ పోవడం. 1921లోనే అమెరికాలో ఒక కంటి వైద్య పత్రిక ఇలాంటి ఇంటి సంగతి ప్రచురించింది. ఇంట్లోవాళ్ళకు అడుగుల చప్పుళ్ళు, ఎవరో ఉన్నట్టు అనుభవాలు. చివరికి తేలింది, ఇంటిని వెచ్చబరిచే చెడిపోయిన కొలిమి నుంచి వచ్చిన ఆ విషవాయువే. గీజరు మంట నీలంగా కాక పసుపుగా ఉంటే వెంటనే ఆపాలి. అసలు గీజరును బాత్రూం బయట, గాలి ఆడేచోట బిగించాలి.

కాబట్టి మీ విలేకరులకు మా మనవి. ఇలాంటి లాడ్జీ గురించి రాసేముందు న్యూట్రల్ ఎవరు చూశారు, గీజరు ఎక్కడుంది, బాత్రూంకు వెంటిలేటరు ఉందా అని అడిగి, ఆ జవాబులూ అచ్చు వేయండి.

– కొందరు ఎలక్ట్రీషియన్లు, ప్లంబర్లు, కర్నూలు