శరత్కాలపు పక్షి యాత్రలు నిండు చెరువులకే ఎందుకు?

సంపాదకులు గారికి నమస్కారం.

మా ప్రాంతపు పక్షి పరిశీలకుల బృందం భాద్రపదం చివరి నుంచి కార్తీకం ముగిసేదాకా జరపబోయే యాత్రలు, ప్రసంగాల పట్టికను ఇటీవల సభ్యులకు పంపింది. ఉద్యోగాలు, చదువుల మధ్య తమ ఆదివారాలు వదులుకుని ఇంత శ్రమ పడే యువతీ యువకులు ప్రతి జిల్లాలోనూ ఉండరు కనుక పట్టిక చూసి సంతోషించాను. అయినా అందులో ఏటా నాకు కనిపిస్తున్న ఒక లోపాన్ని వారి దృష్టికీ, ఇతర జిల్లాల్లో ఇలాంటి బృందాలు నడుపుతున్న వారి దృష్టికీ మీ పత్రిక ద్వారా తేవాలని ఈ లేఖ రాస్తున్నాను. యాత్రలన్నీ పెద్ద జలాశయాలకే పెట్టారు. అంటే జనవరిలో వెళ్లవలసిన చోట్లకు మనం అక్టోబరులో వెళుతున్నాం.

తెలంగాణలో చెరువులు నిండేది నైరుతి వానలకు. సెప్టెంబరులో అలుగు పారిన చెరువు అక్టోబరంతా కట్ట అంచుల దాకా నీటితో ఉంటుంది. సూదితోక బాతు, గార్గెనీ, చెంచామూతి బాతు వంటివి లోతు నీటిలో మునిగి మేసేవి కావు. నీటిపై తేలుతూ, తల ముంచి తోక పైకెత్తి, మెడ అందినంత మేరకే మేస్తాయి. ఉల్లంకి పిట్టలకైతే కాలి మడమ దాటని నీళ్లూ మెత్తని బురదా కావాలి. ఈ రెండూ నిండు చెరువులో దొరకవు. యాసంగి పైరుకు తూము తెరిచి, నీరు వెనక్కి తగ్గి, చెరువు లోపలి శిఖం భూమి మెల్లగా బయటపడినప్పుడే ఆ పక్షులకు విందు మొదలవుతుంది, మనకు కనువిందు కూడా అప్పుడే. ఎత్తిపోతల నీళ్లు చేరే చెరువుల్లో ఈ బురద తేలడం ఇంకా ఆలస్యం కావచ్చు. ఇది తెలియని కొత్తవారు పిల్లలను వెంటబెట్టుకుని తెల్లవారుజామునే సింగూరు గట్టు మీదకు చేరి, కనుచూపు మేర నీళ్లనూ, రాళ్లపై రెక్కలారబెట్టుకుంటున్న నాలుగు నీటికాకులనూ చూసి, పక్షులే లేవన్న నిర్ణయానికి వచ్చి మళ్లీ రావడం మానేస్తున్నారు. తప్పు పక్షులది కాదు, పట్టిక వేసినవారిది.

అసలు శరత్తులో పక్షులు రాకుండా ఎక్కడికి పోతాయి? అవి పొదల్లో, పొలంగట్ల మీద, గడ్డి మైదానాల్లో, వాగుల ఒడ్డున ఉన్నాయి. బూడిదరంగు కాటుకపిట్ట హిమాలయాల నుంచి ఆగస్టు, సెప్టెంబరులకే దిగివచ్చి వాగు రాళ్లపై తోకాడిస్తూ తిరుగుతుంది. ఈ కాటుకపిట్టలనే మన పూర్వులు ఖంజరీటమనీ ఖంజనమనీ అన్నారు. శరత్తులో వీటి తొలి దర్శనం ఎక్కడ, ఎలా జరిగితే ఏ ఫలమో చెప్పడానికి ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో ఒక అధ్యాయమే కేటాయించాడు. శకునాల మాట అలా ఉంచితే, వలసపక్షి ఏ ఋతువులో తొలిసారి కంటబడుతుందో గమనించి గుర్తుపెట్టుకునే అలవాటు మనకు పరాయిది కాదని మాత్రం దానివల్ల తెలుస్తుంది. నేటి పరిశీలకులు నోటు పుస్తకంలో తేదీ, స్థలం రాసుకుంటున్నది కూడా దాదాపు ఆ పనే.

కాటుకపిట్టల తరువాత పిల్లిగద్దలు వస్తాయి. కజకిస్తాన్ గడ్డి మైదానాల నుంచి వచ్చే ఈ గద్దలు పగలంతా పైరు మీదుగా, గడ్డి మీదుగా కిందికంటా ఎగురుతూ మిడతలను, ఎలుకలను, చిన్న పిట్టలను పట్టుకుని, సాయంత్రం కాగానే ఒక్కొక్కటిగా చేరి గడ్డిలో నేలమీదే కలిసి పడుకుంటాయి. ఒకప్పుడు బట్టమేక పిట్టకు పేరుపొందిన రోళ్లపాడులో ఇవి పెద్ద గుంపులుగా రాత్రి బస చేసేవని పక్షి శాస్త్రజ్ఞులు ఏనాడో నమోదు చేశారు. మన దగ్గరి గడ్డిభూముల్లో ఎన్ని చోట్ల ఇలాంటి బసలున్నాయో చూడాలంటే అక్టోబరు చివర్లో ఒక సాయంత్రపు యాత్ర పెట్టాలి. మా పట్టికలో సాయంత్రపు యాత్ర ఒక్కటీ లేదు. రెవెన్యూ రికార్డుల్లో బంజరు అని రాసి ఉన్నంత మాత్రాన అది ఎవరికీ పనికిరాని నేల అనుకోవడం పక్షి పరిశీలకులకు కూడా అలవాటైందేమోనన్న అనుమానం నాకుంది.

జహీరాబాద్ వైపు కోతకొచ్చిన సజ్జ, జొన్న చేల మీదికి మధ్య ఆసియా నుంచి గులాబీ గోరింకలు మేఘంలా దిగేది కూడా ఈ కాలంలోనే. నర్సాపూర్, అనంతగిరి అడవుల్లో తోకపిగిలి పిట్టలు, దక్షిణానికి తిరిగిపోతున్న పొన్నంకి పిట్టలు కనబడవచ్చు. పొన్నంకి పిట్ట రాత్రిపూట ప్రయాణిస్తుంది. దారిలో అలసి నగరాల్లో ఇళ్ల వరండాల్లో వాలిపోయిన పిట్టలను ఏటా ఎవరో ఒకరు చూస్తూనే ఉంటారు. ఇక చాతకం సంగతి మరీ విచిత్రం. వానలతో పాటు ఆఫ్రికా నుంచి వచ్చే చాతకం బాబ్లర్లనే వేరే జాతి పిట్టల గూళ్లలో గుడ్లు పెట్టి, పిల్లల బాధ్యత వాటికే వదిలి తిరిగి వెళ్లిపోతుంది. ఆ గూటిలో పెరిగిన పిల్ల చాతకం సొంత తల్లిదండ్రులను ఎరగకుండానే, శరత్తులో దారి తానే వెతుక్కుని అరేబియా సముద్రం దాటుతుంది. ఈ కథ వినడానికి ఏ పిల్లవాడు చెవులు రిక్కించడు? దీని మీద ఒక్క ప్రసంగమూ ఎందుకు లేదు?

ప్రసంగాల విషయంలోనూ నాదొక మనవి. ఇప్పుడు అవి ఎక్కువగా దూరదేశాల యాత్రల ఛాయాచిత్ర ప్రదర్శనలుగా, ఇంగ్లీషులో సాగుతున్నాయి. ఛాయాచిత్రాలు అందంగానే ఉంటాయి, కాదనను. కానీ ప్రసంగం రాబోయే ఆదివారపు యాత్రకు మనిషిని సిద్ధం చేసేదిగా ఉంటే దాని ప్రయోజనం వేరు. ఉదాహరణకు, సెప్టెంబరు అక్టోబరుల్లో దిగే మగ బాతులు సంతానోత్పత్తి కాలపు రంగులు రాల్చేసి, ఆడ బాతుల్లాగే మట్టిరంగు ఈకలతో ఉంటాయి. మగ గార్గెనీ అయితే శీతకాలం సగం గడిచేదాకా ఆ వేషంలోనే ఉంటుంది. పుస్తకంలోని రంగుల బొమ్మ పట్టుకుని అక్టోబరులో బాతులను గుర్తుపట్టబోయేవారు తికమకపడక తప్పదు. ఉల్లంకి పిట్టల్లోనూ పెద్దవి ముందు వస్తాయి, ఆ యేటి పిల్లలు తరువాత తమంతట తాము వస్తాయి. రెండింటి ఈకల తీరు వేరు. ఆకుల మధ్య కనబడకుండా తిరిగే వార్బ్లర్లను గొంతు విని తప్ప గుర్తించలేము, ఆ గొంతులు ఒక గదిలో కూర్చుని ముందుగా విన్నవారికే అడవిలో చెవికి ఆనుతాయి. ఇలాంటి పాఠాలు తెలుగులో చెప్పగలవారు సభ్యుల్లోనే ఉన్నారు, అడిగేవారు లేరు.

అంతేకాదు, వేదిక ఎక్కవలసినవారు జీవశాస్త్ర పట్టభద్రులు మాత్రమే కాదు. తూము ఎప్పుడు తెరుస్తారో, ఏ మూల నీరు ముందు తగ్గుతుందో, ఏ నెలలో ఏ బాతు ఏ ఒడ్డుకు చేరుతుందో ఊరి నీరటికీ, చెరువులో చేపలు పట్టే సహకార సంఘం సభ్యులకూ తెలిసినంతగా మనలో ఎవరికీ తెలియదు. వారిలో ఒకరిని పిలిచి గంటసేపు మాట్లాడిస్తే శీతకాలపు యాత్రల పట్టిక దానంతటదే తయారవుతుంది.

దసరా నాటి సంగతి ఒకటి ప్రత్యేకంగా చెప్పాలి. విజయదశమి నాడు జమ్మి పూజకు ఊరి పొలిమేర దాటి వెళ్లి, పాలపిట్టను చూసి తిరిగి రావడం మన ఆచారం. పొలిమేర దాటే ఓపిక లేని పట్టణవాసుల కోసం ఆ పిట్టను పట్టి, కాళ్లు కట్టి, రెక్కలు కత్తిరించి పంజరంలో పెట్టి, చూపించినందుకు డబ్బు వసూలు చేసేవారు బయలుదేరారు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం ఇది నేరం. తెలంగాణ రాష్ట్ర పక్షి అయిన ఈ పిట్ట దేశవ్యాప్తంగా తగ్గిపోతున్నదని 2023లో వెలువడిన భారత పక్షుల స్థితి నివేదిక కూడా హెచ్చరించింది. అటువంటప్పుడు పక్షి పరిశీలకుల బృందం ఏం చేయవచ్చు? పండుగ కనుక సెలవు ప్రకటించి ఇంట్లో కూర్చోవడం కాక, ఆ ఉదయమే పట్టణం అంచుల్లోని పొలాల దగ్గరకు అందరినీ పిలిచి, కరెంటు తీగ మీద స్వేచ్ఛగా కూర్చున్న పాలపిట్టను దుర్భిణిలో చూపించవచ్చు. పంజరంలోని పిట్టకు దండం పెట్టవద్దని చెప్పే వంద కరపత్రాల కంటే అది ఎక్కువ పని చేస్తుందని నా నమ్మకం.

అక్టోబరు యాత్రల్లో పక్షులు తక్కువ కనబడతాయి కనుక జాబితాలు రాయడం వృథా అన్న మాట కూడా మా బృందంలో వినబడుతోంది. ఇది సరికాదు. పైన చెప్పిన నివేదికకు ఆధారం సుమారు 30,000 మంది పరిశీలకులు నమోదు చేసిన దాదాపు 3 కోట్ల పరిశీలనలు. వాటిలో అత్యధికం మనలాంటి సామాన్యులు సెలవుదినాల్లో ఈబర్డ్ అనే ఆన్‌లైన్ పక్షి నమోదు వేదికలో చేర్చినవే. ఫలానా రోజు ఫలానా చెరువులో ఒక్క బాతు కూడా లేదన్న పూర్తి జాబితా లేకపోతే, బాతులు ఎప్పుడు వచ్చాయో, ఏ ఏడు ఆలస్యంగా వచ్చాయో ఎలా తెలుస్తుంది? పక్షి శాస్త్రజ్ఞుడు సలీం అలీ 1931-32లో హైదరాబాద్ సంస్థానమంతా తిరిగి పక్షుల సర్వే జరిపిన నాటి వివరాలు అచ్చులో ఉన్నందువల్లనే ఈనాడు మనం ఏం పోగొట్టుకున్నామో పోల్చి చూసుకోగలుగుతున్నాం. 1980లో హైదరాబాదులో మొదలై, ఇప్పుడు డెక్కన్ బర్డర్స్ పేరుతో కొనసాగుతున్న సంఘం నాలుగు దశాబ్దాలుగా నెలనెలా యాత్రలు, సమావేశాలు జరుపుతూ పరిశీలనలను నమోదు చేస్తూ వచ్చింది. జిల్లాల్లోని చిన్న బృందాలు ఆ బాట పట్టడానికి డబ్బు కంటే క్రమశిక్షణే ఎక్కువ అవసరం.

చివరగా రెండు ఆచరణ విషయాలు. మా యాత్రలు కారున్నవారికే అనువుగా ఉన్నాయి. ఉదయం ఆరు గంటలకు జలాశయం గట్టు మీద కలవమంటే, తొలి బస్సు పట్టుకుని వచ్చే డిగ్రీ విద్యార్థి చేరేసరికి ఎండ ఎక్కి పిట్టలు పొదల్లో సద్దుమణుగుతాయి. నెలకు ఒక్క యాత్రయినా బస్టాండు దగ్గర కలుసుకుని, నర్సాపూర్ అడవి లాంటి బస్సు దారిలోని చోటుకు వెళ్లేలా పెట్టాలి. దుర్భిణి లేనివారికి ఇద్దరికి ఒకటి చొప్పున బృందమే సమకూర్చాలి.

రెండోది మీ పత్రికకు విన్నపం. సాహిత్య సభలకూ, ఆధ్యాత్మిక ప్రవచనాలకూ జిల్లా అనుబంధంలో మీరు ఇస్తున్న చోటులోనే, శనివారం నాడు రెండు వాక్యాల మేర పక్షి యాత్ర జరిగే స్థలం, వేళ, బస్సు వివరం ప్రచురించగలరా? సమాచారం శుక్రవారం లోపు తెలుగులో రాసి పంపే పూచీ, బృందం అంగీకరిస్తే, నేను తీసుకుంటాను. సలీం అలీ జయంతి అయిన నవంబరు 12 నాటి కార్యక్రమంతో మొదలుపెట్టినా సంతోషమే.

ఇట్లు,
విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు,
సంగారెడ్డి