ఫెర్గస్ ఫాల్స్ దగ్గర మమ్మల్ని ఆదుకున్నవారికి

సంక్రాంతి వెళ్లాక ఫార్గోలో మా తమ్ముడి దగ్గర నుంచి మినియాపొలిస్ తిరిగి వస్తూ మా కారు రోడ్డు పక్క మంచులోకి జారిపోయిందని విని ఫోన్లు చేసినవారందరికీ ముందుగా ఒక మాట. అందరం క్షేమం. అత్తయ్యగారికి జలుబు కూడా చేయలేదు. ఈ కృతజ్ఞతలు చెందవలసినవారిలో సగం మందికి తెలుగు రాదు. వాళ్లకు వేరే ఉత్తరాలు రాశాను. అయినా మనవాళ్లతో చెప్పుకోకపోతే మనసు ఊరుకోదు. పైగా ఆ దారిలో రేపో మాపో ప్రయాణం పెట్టుకున్నవాళ్లు మనలో చాలామందే ఉన్నారు.

మొదటి నమస్కారం మా పై అంతస్తులో ఉండే అన్నయ్యకు. తొలి మంచు పడగానే మా ఆయనను ఖాళీగా ఉన్న పార్కింగ్ స్థలానికి తీసుకువెళ్లి, మెల్లగా నడిపిస్తూనే ఒక్కసారిగా బ్రేకు తొక్కించారు. చక్రాలు బిగుసుకుపోకుండా చూసే బ్రేకు ఏర్పాటు ఏబీఎస్ పనిచేసేటప్పుడు పెడల్ పాదం కింద టకటకా కొట్టుకుంటుంది. తెలియనివాళ్లు ఏదో విరిగిందని హడలిపోయి కాలు తీసేస్తారు. "కొట్టుకోనీ, నువ్వు మాత్రం కాలు తీయకు" అన్నారట. కారు పక్కకు తిరిగిపోతున్నప్పుడు పాఠం వేరు. బ్రేకు జోలికి పోకుండా యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసి, ఎటు వెళ్లాలో అటే చూస్తూ, అటే స్టీరింగు తిప్పాలి. దేనికి గుద్దుకుంటామోనని భయపడి దానినే చూస్తూ కూర్చుంటే చేతులు కూడా అటే లాగుతాయి.

శీతాకాలపు టైర్లు వేయించేదాకా కూడా ఆయన మమ్మల్ని వదల్లేదు. టైరు పక్కన మూడు శిఖరాల కొండ బొమ్మ, దాని మధ్య మంచు రేకు గుర్తు ఉంటాయి, అవి. మాది నాలుగు చక్రాలకూ శక్తి అందే బండి కదా అని మా ఆయన అంటే, "అది కదలడానికి పనికొస్తుంది, ఆగడానికి కాదు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. బిల్లు చూసి మా ఆయన మొహం మాడిపోయింది, అది వేరే సంగతి.

ఆ రోజు ఆకాశం నుంచి ఒక్క రేకు కూడా రాలలేదు. చక్కగా ఎండ కాస్తోంది. కాని ఆ ప్రాంతమంతా చెట్టూ చేమా లేని బీడు పొలాలు. గాలి లేచిందంటే ముందు రోజుల్లో పడిన పొడి మంచునంతా నేల మీద నుంచి లేపి రోడ్డుకు అడ్డంగా తోలుతుంది. తల పైన నీలాకాశం, అద్దం ముందు తెల్లటి తెర. రోత్సే దాటాక ఇంటర్‌స్టేట్ 94 రహదారి మీద ఒక వంతెన వచ్చింది. వంతెనకు కింద నేల వెచ్చదనం ఉండదు, పైనా కిందా గాలే, అందుకే మిగతా రోడ్డు బాగున్నా అది ముందే గడ్డకడుతుంది. తడిసిన తారులా నల్లగా మెరిసింది, అంతే. కారు వెనుక భాగం ఎడమకు తిరిగింది. ముందు లారీ ఉంది. మా ఆయన లారీని కాకుండా కుడివైపు ఖాళీ పొలాన్ని చూశారు. వేగం తగ్గుతూ తగ్గుతూ వెళ్లి తలుపుల దాకా మంచులో కూరుకుపోయాం. ఎవరికీ గీత పడలేదు.

రెండో నమస్కారం అత్యవసర నంబరు 911లో పలికిన ఆ అమ్మాయికి. ముందుగా రోడ్డు పక్కన ఉండే చిన్న ఆకుపచ్చ మైలు పలక మీద అంకె అడిగింది. తరువాత, కారు దిగి రోడ్డు పక్కన నిలబడవద్దు, మీరు జారిన చోటే ఇంకొకరూ జారతారు అంది. మా ఆయనను మాత్రం ఒక్కసారి పొలం వైపు తలుపు తీసుకుని దిగి, వెనక పొగగొట్టం చుట్టూ మంచు తీసేయమంది. అది మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ కారులోకే వస్తుంది, వాసన కూడా తెలియదు. ఆ తరువాత గంటకు పది నిమిషాలు మాత్రం ఇంజను నడపాలి, అప్పుడు గాలి కొట్టని వైపు అద్దం కొంచెం దించి ఉంచాలి. "ఇంత ఎండలో ఇంత చలేమిటమ్మా" అంటూ అత్తయ్యగారు, ఒళ్లో బాబు, ఇద్దరూ ఒకే దుప్పటిలో అరిసెలు తింటూ కూర్చున్నారు. ఆ దుప్పటి, చిన్న పార, జారే చక్రాల కింద చల్లడానికి పిల్లులకు వాడే ఇసుక సంచి, అన్నీ అన్నయ్య డిక్కీలో పెట్టించినవే.

గస్తీ కారులో వచ్చిన పోలీసు అధికారి తన చేతి తొడుగులు తీసి అత్తయ్యగారి చేతులకు తొడిగారు. పసుపు రాసిన ముసలి వేళ్లు, వాటి మీద మోచేతుల దాకా వచ్చే నల్లటి తోలు తొడుగులు! మమ్మల్ని ఫెర్గస్ ఫాల్స్‌లో పెట్రోలు బంకు దగ్గర దింపేసరికి ఇంటర్‌స్టేట్ ఎక్కే దారుల్లో గేట్లు వేసేశారు. అక్కడ కాఫీ తాగుతున్న రైతు దంపతులు మమ్మల్ని ఏమీ అడగకుండానే తమ ఇంటికి బయలుదేరదీశారు. అక్కడి వాళ్ల వంటకం హాట్‌డిష్‌లో మామూలుగా గొడ్డు మాంసం వేస్తారు. మేం తినమని తెలిసి ఆమె బీన్సు, పుట్టగొడుగుల సూపు, బంగాళాదుంప ముక్కలతో మాకు విడిగా ఒక పళ్లెం పెట్టింది. అత్తయ్యగారు దాని మీద కారప్పొడి చల్లుకుని రెండోసారి వడ్డించుకున్నారు. చివరి అరిసెలు ఆ ఇంటివాళ్లకే.

పొద్దున ఆ పెద్దాయనే టైర్లలో గాలి చూశారు. చలి పది డిగ్రీల ఫారెన్‌హీట్ పెరిగినప్పుడల్లా టైర్లలో గాలి ఒత్తిడి సుమారు ఒక పీఎస్ఐ (ఒత్తిడి కొలిచే ప్రమాణం) తగ్గుతుందట. ట్యాంకు సగానికి దిగనివ్వవద్దని, బయలుదేరే ముందు రోడ్ల సమాచారం ఇచ్చే 511లో రోడ్ల పరిస్థితి చూసుకోమని కూడా చెప్పారు. తాళ్లతో కారును పైకి లాగిన టోయింగ్ కుర్రాడికీ, పిల్లుల ఇసుక చల్లి మమ్మల్ని ఆ ఇంటి ముందు దారిలో నుంచి బయటపడేసిన వాళ్ల మనవడికీ దండాలు.

చివరగా, ఆ నారింజ రంగు మంచు తోడే బండి నడిపినవారికి. ఎవరో తెలియదు. విపరీతమైన చలిలో ఉప్పు సరిగా పనిచేయదు. గాలికి కొట్టుకువచ్చే మంచు ఆ ఉప్పు తడికి అంటుకుని మళ్లీ గడ్డకడుతుంది కూడా. అందుకే అలాంటప్పుడు ఉప్పు తగ్గించి ఇసుక చల్లుతారు. అలెగ్జాండ్రియా దాకా ఆ బండి వెనకాలే, బాగా దూరం ఉంచి, నింపాదిగా వచ్చాం. దాటి వెళ్లాలనుకుంటే అది లేపే మంచు మేఘంలో ముందేముందో కనబడదు. ఈ మిన్నెసోటా రాష్ట్రంలో ఆ బండ్లకు పేర్లు పెట్టడానికి జనం ఓట్లు వేస్తారు. 2021లో ప్లోవీ మెక్‌ప్లోఫేస్ అనే పేరు గెలిచింది. ఈసారి నేనూ ఒక పేరు పంపుతాను, మీరంతా ఓట్లు వేయాలి మరి.

అన్నయ్య ఈ ఆదివారం మళ్లీ పార్కింగ్ స్థలానికి రమ్మంటున్నారు. ఈసారి స్టీరింగు నాది. కొత్తగా వచ్చిన విద్యార్థులు ఎవరైనా నేర్చుకుంటామంటే నాకు చెప్పండి. కారు లేకపోయినా ఫరవాలేదు, లైసెన్సు, మంచి తొడుగులు తెచ్చుకోండి.