రెండేళ్ల కాంట్రాక్టు, ముప్పై ఏళ్ల పని

పరిశోధన నిధుల శాఖ కార్యదర్శి గారికి,

శీతోష్ణస్థితి శాస్త్రవేత్తలకు మీరు రెండేళ్ల కాంట్రాక్టులే ఇస్తున్నారు. ఈ శాస్త్రంలో ఒక ప్రాంతపు ఉష్ణోగ్రత, వానల సగటు లెక్కగట్టడానికే సాధారణంగా 30 ఏళ్ల రికార్డు తీసుకుంటారు. లెక్క మీరే వేసుకోండి.

అమెరికన్ శాస్త్రవేత్త చార్లెస్ కీలింగ్ 1958లో హవాయిలోని మౌనా లోవా అగ్నిపర్వతం మీద గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కొలవడం మొదలుపెట్టారు. అప్పుడు పది లక్షల భాగాలకు సుమారు 315. ఇప్పుడు 420 దాటింది. 1964లో నిధుల కోతతో ఆ కొలతలు కొంతకాలం ఆగిపోయాయి. ఆ ఖాళీ రికార్డులో అలాగే ఉంది. గడిచిపోయిన గాలిని మళ్లీ కొలవలేం కదా! 2005లో కన్నుమూసేవరకు ఆయన ఈ పని వదల్లేదు. అంతకాలం నిలబడే వీలు మా యువ పరిశోధకులకు ఏదీ?

పరికరాలకూ, వాటిని కనిపెట్టుకుని ఉండే మనుషులకూ కనీసం పదేళ్ల నిధిని వచ్చే బడ్జెట్‌లోనే కేటాయించండి.

ఇట్లు,
ఒక పరిశోధకురాలు