క్యాంప్‌బెల్ బేకి గంటేనా?

సంపాదకులకు నమస్కారం.

పోర్ట్‌బ్లెయిర్ నుంచి గ్రేట్ నికోబార్‌లోని క్యాంప్‌బెల్ బేకి సుమారు 530 కిలోమీటర్లనీ, విమానంలో గంట చాలనీ మీ ఆదివారం పేజీలో రాశారు. దూరం సరిగ్గానే ఉంది. హైదరాబాద్ నుంచి విశాఖకు గాల్లో ఎంతో, ఇంచుమించు అంతే. ఆ గంట అన్నదగ్గరే మాకు నవ్వొచ్చింది. మా ఆవిడ నమ్మక, ఫోన్ లాక్కుని మరీ చదివింది.

మాది సోంపేట దగ్గర పల్లె. 30 ఏళ్లుగా ఇక్కడ పోర్ట్‌బ్లెయిర్‌లో, అబెర్డీన్ బజార్‌లో ఇనప సామాన్ల కొట్టు నడుపుతున్నాను. ఊరి పేరు 2024లో శ్రీ విజయపురం అయింది గానీ మా నోటికి ఇంకా పోర్ట్‌బ్లెయిరే. అల్లుడికి క్యాంప్‌బెల్ బేలో టీచరు ఉద్యోగం.

అక్కడున్న రన్‌వే నౌకాదళానిది, ఐఎన్ఎస్ బాజ్. 2012లో ప్రారంభించినప్పుడు దాని పొడవు 3,500 అడుగులే. విశాఖ వెళ్లే జెట్లలాంటివి దానిమీద దిగవు. మీ గంట లెక్క ఆ జెట్లది. మాలాంటివాళ్లకు దొరికేది హెలికాప్టరు. గంటకు 250 కిలోమీటర్లు పోయినా రెండు గంటల పైమాటే. నడుమ కార్ నికోబార్ దీవిలో ఆగితే ఆ సమయం వేరే. అదీ సీటు దొరికితే, మబ్బు పట్టకపోతే. ఇక్కడ రెండు రుతుపవనాలూ కురుస్తాయి. మే నుంచి డిసెంబరు దాకా ఆకాశాన్ని నమ్ముకోలేం.

కిందటి అక్టోబరులో మనవడి అన్నప్రాసనకి బయల్దేరాం. మనిషికి 5 కిలోల సామానే. కాటా మీద ముందు సంచి పెట్టారు, తర్వాత మమ్మల్నీ ఎక్కించారు. మా ఆవిడ సంచి 6 కిలోల 300 గ్రాములు తూగింది. ఆవకాయ సీసా తీసింది. ఇంకా ఎక్కువే. సున్నుండల డబ్బా మూత తీసి, వెనక నిలబడ్డవాళ్లందరికీ తలా ఒకటి పంచిపెట్టింది. తీరా ముల్లు 5 మీదకి వచ్చాక, వాతావరణం బాగోలేదు, ఇవాళ లేదు, రేపు రండి అన్నారు. రేపూ అదే మాట. ఎల్లుండీ అదే. నాలుగో రోజు ఓడ ఎక్కాం. అన్నప్రాసన మేం సముద్రం మీద ఉండగానే అయిపోయింది. 2020లో సముద్రం అడుగున వేసిన కేబుల్ పుణ్యమా అని, ఆ వీడియో మాత్రం కార్ నికోబార్ రేవులో సిగ్నల్ తగలగానే ఫోన్‌లోకి వచ్చిపడింది. వాడు పాయసం ఉమ్మేశాడు.

గ్రేట్ నికోబార్‌లో పెద్ద విమానాశ్రయం కడతామంటున్నారు. అడవి గురించీ, అక్కడి ఆదివాసులు షోంపెన్ల గురించీ గొడవ నడుస్తోంది. అందులో న్యాయం ఉందనే నా ఉద్దేశం. అదంతా తేలేసరికి మా మనవడు పెళ్లీడుకొస్తాడు. ఈలోగా మేం అడిగేది చిన్నది. రేపటి లిస్టులో పేరుందో లేదో ముందురోజు సాయంత్రమే ఫోన్‌కి మెసేజ్ పంపాలి. హెలికాప్టరు రద్దయినవాళ్ల కోసం ఓడలో నాలుగు పడకలైనా పక్కన పెట్టాలి.

మీరూ ఈసారి రాసేటప్పుడు, ఆ గంట పక్కన ఓడ సమయం కూడా వేయండి. మాకు 52 గంటలు పట్టింది, కౌంటరు దగ్గర పోయిన మూడు రోజులు కాక.

— ఒక తాత, అబెర్డీన్ బజార్, పోర్ట్‌బ్లెయిర్