రోడ్డు సెస్సు లెక్క బంకు బిల్లులోనే ఉండాలి

సంపాదకుడికి,

పెట్రోలు ధర మీద గొడవ మొదలైతే చాలు, కేంద్రం ఎంత తింటోంది, రాష్ట్రం ఎంత తింటోంది అన్న దగ్గరే చర్చ ఆగిపోతుంది. రోడ్ల పేరు చెప్పి తీసుకున్న డబ్బు రోడ్లకే వెళ్లిందా అని అడిగేవాళ్లు తక్కువ.

ఈ వసూలు కొత్తదేం కాదు. మోటారు బళ్లు పెరుగుతున్నాయి కాబట్టి పెట్రోలు మీద అదనపు పన్ను వేసి ఆ సొమ్ము రోడ్లకే విడిగా ఉంచాలని 1927లో వేసిన జయకర్ కమిటీ చెప్పింది. 1929 నుంచి గ్యాలనుకు రెండణాలు ఎక్కువ తీసుకున్నారు. కేంద్ర రోడ్డు నిధి అలా పుట్టింది. బండి నడిపేవాడే రోడ్డు ఖర్చు భరించాలనడం న్యాయమే. 1998లో పెట్రోలు మీద, మరుసటేడు డీజిలు మీద లీటరుకు రూపాయి వేశారు. 2000లో చట్టం చేస్తూ డీజిలు సెస్సులో, అంటే ఒక పనికని వేసే ఆ ప్రత్యేక పన్నులో, సగం పల్లె రోడ్లకని రాశారు. గ్రామ సడక్ యోజన కింద ఎన్నో ఊళ్లకు తారు రోడ్డు పడిందంటే ఆ డబ్బు చలవే.

తిరకాసు 2018 బడ్జెట్‌లో వచ్చింది. మూల ఎక్సైజులో (కేంద్రం వేసే అసలు ఉత్పత్తి సుంకంలో) లీటరుకు 2 రూపాయలు, రోడ్ల కోసం తీసుకునే 6 రూపాయల అదనపు సుంకం తీసేసి, 8 రూపాయల ‘రోడ్డు, మౌలిక వసతుల సెస్సు’ పెట్టారు. బంకులో పైసా తగ్గలేదు. కానీ మూల ఎక్సైజులో రాష్ట్రాలకు వాటా ఉంటుంది, సెస్సులో ఉండదు. పైగా నిధి పేరులో ‘మౌలిక వసతులు’ చేరాక ఆ డబ్బును ఆస్పత్రులకూ బడులకూ కూడా మళ్లించవచ్చు. అవీ కావలసినవే, కాదనను. అలాంటప్పుడు రోడ్డు పేరు చెప్పడం దేనికి? 2020 మేలో, ముడి చమురు చవకగా దొరుకుతున్న లాక్‌డౌన్ రోజుల్లో, ఈ సెస్సు లీటరుకు 18 రూపాయలకు చేరింది. 2022 మేలో తగ్గించాక కూడా పెట్రోలు మీద కేంద్ర పన్ను 19.90 రూపాయలుంటే, అందులో రాష్ట్రాలతో పంచుకునే మూల ఎక్సైజు 1.40 రూపాయలే.

రాష్ట్రాలు అన్యాయం అంటాయి, నిజమే. మరి మన ఆంధ్రప్రదేశ్ ఏం చేసింది? 2020 సెప్టెంబరులో వ్యాట్ అనే అమ్మకపు పన్నుకు తోడు లీటరుకు ఇంకో రూపాయి రోడ్డు అభివృద్ధి సెస్సు వేసింది. గుంతల్లో పడి బండి రిమ్ము వంకరపోయినవాళ్లు కూడా ఆ రూపాయి కట్టారు. ప్రతిపక్షంలో ఉంటే దోపిడీ, గద్దెనెక్కితే ఖజానాకు ఆధారం. ఈ విషయంలో పార్టీల మధ్య తేడా నాకు కనబడలేదు.

సెస్సు ఎత్తేయమని నేను అడగడం లేదు. బంకు బిల్లు మీద లీటర్లు, రేటు, మొత్తం మూడే ఉంటాయి. వాటి కింద కేంద్ర సెస్సు ఎంత, రాష్ట్ర సెస్సు ఎంత అని రెండు వరుసలు అచ్చువేయమనండి. ఆ డబ్బుతో ఏ రోడ్డు వేశారో, ఎన్ని కిలోమీటర్లు బాగుచేశారో ఏటా ప్రతి మండల కార్యాలయం దగ్గర బోర్డు పెట్టమనండి. అసెంబ్లీలో మా ఎమ్మెల్యేలు ఈ మాట ఎత్తేలా మీ పత్రిక వెంటపడాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
నంద్యాల