విదేశాలకు వెళ్లే మన డాక్టర్ల కాగితాలు, అప్పుల గురించి తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. నేను తెలంగాణలో ఎంబీబీఎస్ చదివి, ఇప్పుడు ఇంగ్లండ్‌లో ఒక ఎన్‌హెచ్‌ఎస్ (అక్కడి ప్రభుత్వ వైద్య సేవ) ఆస్పత్రిలో పనిచేస్తున్న డాక్టర్ని. ఇటు రావాలనుకునే మన జూనియర్లు తరచూ ఫోన్ చేస్తుంటారు. పరీక్ష గురించి అడిగేవాళ్లు తక్కువ. చదవడం వాళ్లకు కొత్త కాదు. వాళ్ల టెన్షన్ అంతా కాగితాలు ఎప్పుడు చేతికొస్తాయి, అప్పటిదాకా డబ్బు ఎలా సర్దుకోవాలి అన్నదే. కాగితం ఆలస్యమైన ప్రతి నెలా ఆ ఇంటి అప్పు పెరుగుతుంది. మీ శాఖ తలుచుకుంటే ఆపగలిగిన నష్టం ఇది. అందుకే రాస్తున్నాను.

బ్రిటన్‌లో డాక్టరుగా రిజిస్ట్రేషన్ కోసం అడిగే వాటికి గడువులున్నాయి. ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్ స్కోరు రెండేళ్లు చెల్లుతుంది. విదేశాల్లో చదివిన డాక్టర్లకు బ్రిటన్ పెట్టే అర్హత పరీక్ష ప్లాబ్. దాని మొదటి భాగం పాసైన రెండేళ్లలోపు రెండో భాగం కూడా గట్టెక్కాలి. డాక్టరు మీద చర్యలేవీ లేవని మన మెడికల్ కౌన్సిల్ నుంచి వెళ్లే గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్‌కైతే మూడు నెలలే ఆయుష్షు. డిగ్రీ అసలైనదేనా అని అమెరికాలోని ఈసీఎఫ్‌ఎంజీ సంస్థ నేరుగా మన యూనివర్సిటీని అడుగుతుంది. అక్కడ ఆ మెయిల్ ఎవరూ చూడకపోతే ఇక్కడ ఫైలు ఒక్క అడుగు ముందుకు పడదు. ఈలోగా ఇంకో కాగితం గడువు దాటిపోతుంది. మళ్లీ ఫీజు, మళ్లీ ఎదురుచూపు.

మన తెలుగువాళ్లకు ఇంకో చిక్కు ఉంది, పేరు. చాలామందికి పదో తరగతి మెమోలో ఇంటిపేరుకు పొడి అక్షరమే ఉంటుంది. డిగ్రీ మీదా అదే పడుతుంది. పాస్‌పోర్టులో మాత్రం పూర్తి ఇంటిపేరు. విదేశాల్లో కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషికి ఈ రెండు పేర్లూ ఇద్దరు మనుషులవి. జగిత్యాల వైపు నుంచి ఒక అమ్మాయి, ప్లాబ్ రెండు భాగాలూ మొదటిసారే పాసైంది. ఈ ఒక్క పొడి అక్షరం దగ్గర ఆగిపోయింది. వాళ్ల నాన్న నోటరీ చుట్టూ, ఆఫీసుల చుట్టూ తిరిగాడు. ఒకచోట అఫిడవిట్ చాలన్నారు, ఇంకోచోట చాలదన్నారు. ఆ నెలలన్నీ తెచ్చిన అప్పుకు వడ్డీ నడుస్తూనే ఉంది. హౌస్ సర్జన్సీలో ఉన్నప్పుడే, మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ సమయంలోనే, పాస్‌పోర్టు చూసి పూర్తి పేరు రాసే పద్ధతి పెడితే ఈ బాధే ఉండదు. పెద్ద ఖర్చు కూడా కాదు.

రాష్ట్ర విభజన నాటికి చదువుతున్నవాళ్ల సంగతి మరీ ఇబ్బంది. డిగ్రీ విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయానిది, రిజిస్ట్రేషన్ హైదరాబాద్‌లో. తర్వాతి బ్యాచ్‌లకు వరంగల్‌లోని కాళోజీ విశ్వవిద్యాలయం ఉంది కానీ పాతవాళ్లు ఇప్పటికీ రెండు రాష్ట్రాల మధ్య తిరుగుతున్నారు. రెండు ప్రభుత్వాలూ మాట్లాడుకుని ఒక్కొక్క అధికారిని, ఒక్కొక్క ఈమెయిల్‌ను దీనికోసమే పెడితే చాలు.

ఇక డబ్బు. ప్లాబ్ రెండో భాగం మాంచెస్టర్‌లో మాత్రమే జరుగుతుంది. ఫీజే సుమారు వెయ్యి పౌండ్లు. దానికి వీసా, విమానం టికెట్, కోచింగ్, గది అద్దె కలుస్తాయి. పాసయ్యాక జీఎంసీ (బ్రిటన్ మెడికల్ కౌన్సిల్) రిజిస్ట్రేషన్ ఫీజు, ఆ తర్వాత ఉద్యోగం కోసం ఎదురుచూపు. హెల్త్ అండ్ కేర్ వీసా మీద వచ్చేవాళ్లకు వీసా ఫీజు తక్కువ, వైద్య సేవల కోసం వీసాతో పాటు కట్టే హెల్త్ సర్‌చార్జీ ఉండదు, అది కొంత ఊరట. కానీ ఇల్లు తీసుకోవాలంటే మొదటి నెల అద్దెతో పాటు ఐదు వారాల అద్దె దాకా డిపాజిట్ కట్టాలి. జీతం నెలాఖరులోనే పడుతుంది. చేరిన తేదీ జీతాల లెక్క వేసే గడువు దాటితే వచ్చే నెలకే. ఉద్యోగం వచ్చిందని ఊళ్లో మిఠాయిలు పంచిన ఇంటివాళ్లు, రెండు నెలల తర్వాత కూడా ఇక్కడికి డబ్బు పంపుతూ ఉండటం నేను చూశాను. కనీసం మూడు నెలల ఖర్చు చేతిలో ఉంచుకుని విమానం ఎక్కమని ప్రతి ఒక్కరికీ చెబుతాను.

ఇంటి దగ్గర చేసుకోవాల్సినవీ ఉన్నాయి. ఇక్కడ ఉద్యోగంలో చేరితే అక్కడి సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓగా (విదేశాల్లో ఉండేవాళ్ల ఖాతాగా) మార్పించాలి. బ్యాంకు పనులు, ఆస్తి పనులు చూసేందుకు ఇంట్లో ఒకరికి బయల్దేరే ముందే పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వాలి. తర్వాతైతే ఇక్కడ సంతకం పెట్టి పంపి, అది ఇండియా చేరిన మూడు నెలల్లోపు అక్కడ స్టాంపు వేయించుకోవాలి. హౌస్ సర్జన్లకు ఒక్క పూట క్లాసులో చెప్పగలిగిన విషయాలివి. ఇప్పుడు వాట్సాప్ గ్రూపుల్లో తలొక మాట విని నేర్చుకుంటున్నారు.

వెళ్లండని ప్రోత్సహించమని నేను అడగడం లేదు. ఇక్కడి నిజం కూడా పిల్లలకు తెలియాలి. 2025లో స్పెషాలిటీ శిక్షణ (మన పీజీలాంటిది) పోస్టులు దాదాపు పదివేలైతే పోటీపడిన డాక్టర్లు ముప్పైవేలకు పైనే. ఆ జూలైలో బ్రిటన్ ప్రభుత్వం ప్రకటించిన పదేళ్ల ఆరోగ్య ప్రణాళిక, ఈ పోస్టుల్లో తమ దేశంలో చదివినవాళ్లకు, ఎన్‌హెచ్‌ఎస్‌లో చాలాకాలంగా పనిచేస్తున్నవాళ్లకు ప్రాధాన్యం ఇస్తామని చెప్పింది. జీఎంసీ రిజిస్ట్రేషన్ చేతిలో ఉండి నెలల తరబడి ఖాళీగా కూర్చున్న మనవాళ్లు నాకు తెలుసు. కోచింగ్ సెంటర్ల ప్రకటనల్లో ఈ మాట కనబడదు. ప్రభుత్వం చెబితే ఇల్లు తాకట్టు పెట్టే ముందు తల్లిదండ్రులు ఒకసారి ఆలోచిస్తారు.

మన ఊళ్లలోనే డాక్టర్లు లేరు, వెళ్లేవాళ్లకు సాయమెందుకు అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ కాగితాలు ఆలస్యం చేసినంత మాత్రాన వెళ్లాలనుకున్నవాళ్లు ఆగడం లేదు, అప్పుతో వెళ్తున్నారు. అప్పులో మునిగినవాళ్లు తిరిగి రావాలనుకున్నా రాలేరు. నర్సులకు జర్మన్ నేర్పించి పంపుతున్న టామ్‌కామ్, విదేశీ ఉద్యోగాలకు మనవాళ్లను పంపే సంస్థ, మన రాష్ట్ర ప్రభుత్వానిదే. అక్కడే డాక్టర్లకూ ఒక డెస్క్ పెట్టండి. పేర్ల సవరణ, డిగ్రీ ధ్రువీకరణ, గుడ్ స్టాండింగ్, ఈ మూడింటికీ ఇన్ని రోజుల్లో ఇస్తామని తేదీ రాసి గోడకు అతికించండి.

ఇక్కడ కొత్త డాక్టర్లు ఎక్కువగా ఆగస్టు మొదటి బుధవారం చేరతారు. వచ్చే ఏడాది బ్యాచ్‌కు అందాలంటే ఈ శీతాకాలంలోనే పని మొదలవ్వాలి. ఏ కాగితం ఏ వరుసలో కావాలో, ఎక్కడ ఆగుతోందో మీ అధికారులకు వివరంగా చెప్పడానికి నాతో పాటు ఇక్కడున్న మన డాక్టర్లు చాలామంది సిద్ధంగా ఉన్నారు. మీరు పిలిస్తే చాలు.

ఇట్లు,
ఇంగ్లండ్‌లో పనిచేస్తున్న ఒక తెలంగాణ డాక్టర్